రంజన్ కింది బరోలో

చచ్చిపోయినోళ్ళ ముక్కుల దూది పెడ్తరు. అది అందరికి చేసేదే. కాని మా ముక్కు సర్దార్ ముక్కుల దూది పెడ్తుంటే అంత దుఃఖంల కూడ నాకు నవ్వొచ్చింది. జలుబు చేస్తే బామ్ రాసుకోనోడు, ఎవరన్న పక్కన అగర్‌బత్తి ముట్టిస్తే "ఏయ్, నా ముక్కు మీద చెద్దరు కప్పుతున్నవేందిరా" అని ఎగిరేటోడు, ఆ మనిషి గట్ల ఊకె పండుకొని రెండు దిక్కుల దూది పెట్టించుకుంటున్నడు. "కాకా, లేచి ఒక్క తిట్టు తిట్టరాదే" అనుకున్న మనసుల. లేవలే. కొంగు నోట్ల కుక్కుకుంటే, పక్కనున్నోళ్ళు నేను ఏడుస్తున్న అనుకొని ఈపు నిమిరిన్రు. ఏడుస్తనే ఉన్నగని, ముందుగాల వచ్చింది మాత్రం నవ్వే.

ఆయన అసలు పేరు నేనిక్కడ రాస్తలేను. రాసినా మా గోదావరిఖనిల సగం మందికి తెల్వదు. ముక్కు సర్దార్ అంటే చాలు, ఆటో ఆయన కూడ ఇంటి ముంగట దించుతడు. సర్దార్ అంటే బాయిల ఒక ఉద్యోగం. బొగ్గు గనిని మా దిక్కు బాయి అంటం. షిఫ్టు మొదలయ్యే ముందు సర్దార్ ఒక్కడే లోపలికి పోవాలె. గాలి మంచిగున్నదా, గ్యాస్ ఉన్నదా, పైకప్పు ఊడేటట్టున్నదా అని చూడాలె. అంత మంచిగుంటే బొగ్గు గోడ మీద చాక్‌పీసుతోని తారీఖేసి సంతకం పెట్టాలె. ఆ సంతకం చూసినంకనే మిగతోళ్ళు అడుగు పెడ్తరు. బాగలేకుంటే రెండు కట్టెలు అడ్డంగ కట్టి ఇంటూ గుర్తు పెడ్తడు. ఆ గుర్తు దాటి మేనేజరు సారు కూడ పోడు.

నేను ల్యాంప్‌రూంల పనిచేస్త. మా నాయన నౌకరి నాకొచ్చింది. కిటికీల కెల్లి, బాయిల దిగేటోళ్ళకు టోపి దీపాలు ఇచ్చుడు, పైకొచ్చినంక తీసుకునుడు, రిజిస్టర్ల రాసుడు, అదే నా డ్యూటీ. ఇంటికాడ ఆయనది మా పక్కిల్లే. పొద్దుగాల దీపం ఇయ్యడానికి నేను చెయ్యి బయట పెట్టంగనే, కాక ఆ చెయ్యి దిక్కు చూడకుంటనే చెప్పేటోడు.

"మెంతికూర. ఎల్లిపాయ ఎక్కువైంది."

ఇంకో దినం, "పిల్లకు జరమొచ్చిందా? గోలీల వాసనొస్తుంది. జల్ది దవాఖానకు తీస్కపో బిడ్డా, సారుకు నేను చెప్తతీ."

లైన్ల నిలబడ్డోళ్ళకు ఈయనతోని మస్తు పరేషాన్. ఎవడు మాపటికి తాగిండో, ఎవడు చెల్లె ఇంట్ల తిని ఆలి ఇంట్ల ఆకలైతలేదన్నడో, అంత బయటపెట్టేటోడు. పని దిగి పైకొచ్చినంక మాత్రం ఒక్కొక్కన్ని నిలబెట్టి అడిగేటోడు: "ఇంకేమన్న చెప్పేదున్నదా?" లోపల ఎక్కడన్న కప్పు టిక్కుమన్నదా, నీళ్ళు కారినయా, అది చెప్పి పోవాలె. చెప్పకుంట పోతే తర్వాత దిగేటోని పానం మీదికొస్తది. ఆ మాట ఆయనకు ఎంత అలవాటైందంటే, పెండ్లికి పోయి అన్నం తిని లేస్తుంటే కూడ పక్కోన్ని అదే అడిగిండట.

ఓసారి నేను రిజిస్టర్ల ఒక నంబరు తప్పు రాసిన. తెల్ల రంగు పూసి దాని మీద సరైన నంబరేసి, ఏమెరుగనట్టు కూసున్న. కాక కిటికీ కాడికొచ్చి ఆగిండు.

"తెల్లరంగు పూసినవ్ బుక్కుల."

"లేదు కాకా."

"ఎండుతున్నది ఇంకా. నా ముక్కుతోని అబద్ధమాడకు."

బుక్కు తీపిచ్చిండు. గోరుతోని ఆ రంగంత గీకిచ్చిండు. "చూడు బిడ్డా, తప్పు రాసినోడు దొంగ కాదు. తప్పును కప్పినోడు దొంగ. తప్పు మీద ఒక్కటే గీత గియ్యి, అది కనపడాలె. పక్కన నిజం రాయి. సంతకం పెట్టు. అయిపాయె." అన్నడు. నేను మూతి ముడుచుకున్న. ఒక్క నంబరుకు గింత లొల్లా అనుకున్న.

ఇగ, బాయిల గాలి చూసెటాయనకు ఇటలీ వైన్‌తోని ఏం పని అంటరా? అదే చెప్తున్న.

మా బాయిల కొత్త మిషన్ బిగియ్యడానికి ఇటలీ నుంచి ఒక ఇంజనీరు వచ్చిండు. ఎత్తుగ, బొగ్గు దుమ్ముల కూడ కాలర్ నలగకుంట తిరిగేటోడు. ఒక దినం ఆ మిషన్ కాడ పని జోరుగ నడుస్తుంటే, మూసేసిన పాత గోడ పక్కన మా కాక నిలబడిపోయిండట. మూతి పైకెత్తి, చెయ్యి లేపి, "అందరు బయటికి" అన్నడట. గాలి కొలిచే పరికరంల ఏం లేదు. ఆఫీసర్లు కోపానికొచ్చిన్రు. "ఏం వాసనయ్యా?" అంటే, "కాలిన వాసన కాదు సార్, కాలబోయేటి వాసన. దీపం ఆర్పినంక వత్తి కాడ వస్తది చూడు, దానెన్క తీపి చెమట" అన్నడట. ఇటలాయన్ని రెక్క పట్టుకొని నడిపిచ్చుకొచ్చిండు. ఆఫీసర్లు ఆయన మీద రిపోర్టు రాయబోయిన్రు. రెండో షిఫ్టు నాటికి పరికరం కూడ ఒప్పుకున్నది, లోపల బొగ్గు రాజుకుంటున్నదని. రిపోర్టు రాయబోయినోళ్ళు పెన్ను జేబుల పెట్టుకున్నరు.

ఇటలాయన మా కాకను గెస్ట్‌హౌస్‌కు పిలిచిండు. ఇంగ్లీషు చెప్పెటందుకు సర్వేయర్ సారు పోయిండు. ఈ సారు కోస్తా దిక్కాయన, మంచోడు, కాని మెత్తని మనిషి, ఎవరినీ నొప్పియ్యడు. అక్కడ జరిగింది ఆయన చెప్తే విన్నదే. ఇప్పటికి నూరుసార్లన్న చెప్పిచ్చుకున్న.

కాక ఇస్త్రీ అంగి తొడుక్కొని కుర్చీ అంచుల కూసున్నడట. ఇటలాయన బుగ్గ లెక్క ఉబ్బిన పెద్ద గిలాసల కొంచెమే ఎర్రటి వైన్ పోసి ముంగట పెట్టిండు. కాక తాగలే. గిలాస మీద అరచెయ్యి మూసిండు. తీసిండు. వాసన చూసిండు. మళ్ళ మూసిండు. ఇటలాయనకు బుగులు పట్టింది, సీసా చెడిపోయిందా ఏందని.

అప్పుడు అన్నడట కాక: "ఎండకాలం రోడ్డేస్తరు చూడున్రి, తారు డ్రమ్ము. ఆ డ్రమ్ము మీద ఎవడో నిన్నటి గులాబి దండ పడేసి పోయిండు."

సర్వేయర్ సారుకు చెమటలు పట్టినయ్. మన దేశం పరువు పోతదేమోనని, ఇంగ్లీషుల "చాలా బాగుందంటున్నారు" అని చెప్పి ఊకున్నడు. కాక వదుల్తడా?

"సార్, నేను గంత పెద్దగ చెప్తే మీరు రెండు ముక్కలల తేల్చిన్రేంది? ఉన్నదున్నట్టు చెప్పున్రి. తారు అన్న. గులాబి అన్న. నిన్నటిదన్న."

చెప్పక తప్పలే. తారు మాట వినంగనే ఇటలాయన లేచి నిలబడ్డడు. గులాబి మాట వినంగనే బల్ల చుట్టు తిరిగొచ్చి కాక రెండు చెంపల మీద ముద్దు పెట్టుకున్నడు. కాక దస్తి తీసి రెండు చెంపలు తుడుచుకున్నడు. ఆ వైన్ పేరు బరోలో అట. వాళ్ళ దేశంల దానిని ఎరిగినోళ్ళు తరతరాల నుంచి ఆ రెండు మాటలే చెప్తరట, తారు, గులాబి. సారు ఆ సంగతి చెప్తే కాక పెద్దగ ఆశ్చర్యపడలే. "అంటే వాళ్ళకు కూడ ముక్కున్నదన్నట్టు" అన్నడట.

పోయేటప్పుడు ఇటలాయన ఒక బరోలో సీసా ఇచ్చి పోయిండు. పదేండ్లు తెరవద్దు, పండబెట్టి ఉంచాలె, చల్లగ, చీకటిగ, తడిగ ఉండాలె అన్నడు. "చల్లగ, చీకటి, తడి... ఇది బాయి గదా!" అన్నడు కాక. కాని బాయిల బీడి, అగ్గిపెట్టె, సీసా ఏదీ పోవద్దు, దిగేటోళ్ళ జేబులు తడిమి చూసేది ఈయనే. ఆయన జేబు ఆయనే తడుముకొని ఆయన్నే ఎన్కకు పంపాలె. మా దిక్కు ఎండలేమో బయట పెట్టిన ఇనుప బకెట్ ముడితే చెయ్యి బొబ్బలెక్కుతది. వారం దినాలు ఆలోచించి, వంటింటి మూలకు మోకాలు లోతు గుంత తవ్విండు. ఇసుక పోసి, సీసాను పసిపిల్ల లెక్క పండబెట్టి, మీద ఇంకింత ఇసుక కప్పి, దాని మీద నీళ్ళ రంజన్ పెట్టిండు. రంజన్ మట్టిది గదా, చెమర్చుతది. ఆ చెమ్మకు ఇసుక ఎప్పుడు తడిగ ఉండె. ఎండకాలం ఆ మూలకు కాళ్ళు పెడితే పానం లేచొచ్చేది.

చిన్నమ్మ, అంటే కాక ఆలి, తల కొట్టుకున్నది. "ఇంట్ల లంకెబిందెలున్నయనుకుంటరు దొంగలు. తవ్వి చూస్తే సారా సీసా. మా ఇజ్జత్ పోతది."

అప్పటి నుంచి సర్వేయర్ సారు పట్నం పోయినప్పుడల్ల ఒక ఇటలీ సీసా తెచ్చుడు, ఐతారం మాపటీలి కాక వాకిట్ల మేం ముగ్గురం కూసునుడు అలవాటైంది. మీరు తాగుడనుకునేరు. తాగుడు కాదది, డ్యూటీ. గేటు కాడనే తనిఖీ. తలకు కొబ్బరినూనె పెట్టుకుంటే ఎన్కకు. మల్లెపూలు తీసి బయట గోడ మీద పెట్టాలె. పౌడర్ రాసుకొని పోతే, "మొఖం కడుక్కొని రాపో, నువ్వు పెండ్లికి వచ్చినవా" అనేటోడు. సర్వేయర్ సారు ఓసారి వక్కపొడి నమిలి వస్తే, పాపం ఆ దినమంత ఆయన్ని దూరంగ జామచెట్టు కింద కూసోబెట్టిండు. వాకిలి చుట్టు కట్టిన ముండ్ల ఎనుగు అవతల నుంచి చూసినోళ్ళు, వీళ్ళేదో పెద్ద పార్టీ చేసుకుంటున్నరనుకొని గిలాసలు పట్టుకొని వచ్చేటోళ్ళు. అరగంట కూసొని, "సగం గిలాస పోసి గంట సేపు వాసన చూపిస్తరేందిరా బై" అని లేచిపోయేటోళ్ళు.

చిన్నమ్మ సరిగ్గ అప్పుడే మిరపకాయల తాలింపేసేది. కావాలని. చుయ్యిమని వాసన రాంగనే వాకిట్ల నుంచి కేక: "ఆపవే! బాయిల మంట పెట్టినవ్!"

"నీ ముక్కుకు కంపెనోళ్ళు వేరే పించిని ఇస్తున్నరా?" అని లోపలి నుంచి జవాబు. వాళ్ళిద్దరి సంసారమంత ఆ తాలింపు మీదనే నడిచిందనిపిస్తది నాకు.

సీసా మీద వాళ్ళు రాసింది సారు చదివేటోడు. "చెర్రీ పండ్ల వాసన వస్తుందని రాశారండి."

"చెర్రీ నేను చూడలే. నేను చూసింది చెప్త. పరికిపండ్లు. గోనెసంచిల పోసి రెండొద్దులు మరిచిపోయిన్రు. పక్కన కొత్త తోలుచెప్పు." వాసన చూసి, గుటక నాలుక కింద పెట్టుకొని, కండ్లు మూసి, చెయ్యి పైకి లేపేటోడు. బాయిల కప్పు చప్పుడు వినేటప్పుడు గట్లనే లేపుతడట, అందరు నోరు మూసుకోవాలె. మేం కూడ మూసుకునేటోళ్ళం. నచ్చితే, "గాలి మంచిగున్నది" అనేటోడు. నచ్చకుంటే, "ఇక్కడ దీపమారుతది, నడువున్రి" అని గిలాస పక్కన పెట్టేటోడు. దాని తర్వాత సంతకం. సీసా మీద చాక్‌పీసు ఆగదని, నేనే ల్యాంప్‌రూం నుంచి నల్లటేపు ముక్కలు తెచ్చిచ్చిన. సీసాకు టేపంటించి దాని మీద తెల్లగ తారీఖు, సంతకం. బొగ్గు గోడ మీద పెట్టినట్టే ఉండేది. బరోలో సీసా మీద మాత్రం తారీఖు ఒక్కటే ఉండె, పదేండ్లకు తెరవాల్సిన తారీఖు. సంతకం జాగ ఖాళీ ఉంచిండు.

నాకు కూడ నేర్పిండు. మొదట్ల నాకు అన్నిట్ల ద్రాక్షే వచ్చేది. "ద్రాక్షతోని చేసిన్రని నాకూ ఎరుకే. ఇంకేమొస్తుంది? ఫికర్ చెయ్యకు, నీ నోటికొచ్చింది కాదు, నీ ముక్కుకొచ్చింది చెప్పు" అనేటోడు. ఓ ఐతారం నేను, "మా నాయన డ్యూటీ నుంచి వచ్చి తువ్వాల దండెం మీదేస్తే వచ్చేది, ఆ తడి వాసన" అన్న. అన్నంక నాకే ఏడుపొచ్చింది. ఆ దినం టేపు మీద కాక తన సంతకం పక్కన నా సంతకం పెట్టిచ్చిండు.

తర్వాత ఆయన రిటైరైండు. ఆ తర్వాత కరోనా వచ్చింది.

ఎండలు బాగ ముదిరినప్పుడు కాకకు, చిన్నమ్మకు ఒక్కసారే జరం తగిలింది. ఇద్దరిని దవాఖానకు తీస్కపోతున్నరు. కాక అంబులెన్సు ఎక్కుతూ, మూతికి గుడ్డ కట్టుకొనే, తాళంచెవి నా దిక్కు ఇసిరి అరిచిండు: "బిడ్డా, రంజన్ చూసుకో!"

చూసుకున్న. ఎంత మంచిగ చూసుకున్ననో వినున్రి. అప్పుడు ఊరంత కడుగుడే కడుగుడు గదా. తాళం తీసి, ఇల్లంత కడిగి, రంజన్ల నీళ్ళు పారబోసి, బ్లీచింగ్ పెట్టి లోపల బయట తోమి, వాకిట్ల ఎండకు బోర్లించిన. పురుగన్నది లేకుంట మాడిపోవాలెనని. చేతులు బొబ్బలెక్కినయ్. శభాష్ అని నాకు నేనే అనుకున్న. రంజన్ కింద ఏమున్నదో నాకు ఎరుక లేకనా? ఎరుకే. కాని ఆ భయంల మతికి రాలే. వాళ్ళు ఇంటికొచ్చేసరికి ఇరవై దినాలు దాటింది. అన్ని దినాలు ఆ మూల రేకుల కింద పెనం లెక్క కాలింది.

కాక వచ్చి, వాకిట్ల బోర్లించిన రంజన్ దిక్కు చూసిండు. నిమ్మలంగ లోపలికి పోయి, గుంత కాడ కూసొని, పిడికెడు ఇసుక తీసిండు. వేళ్ళ సందుల నుంచి ముగ్గు లెక్క జారింది. నేను తలుపు కాడ నిలబడి చూస్తున్న. అప్పుడు తగిలింది నాకు, నేనేం చేసిన్నో. నోరు తెరిచి "కాకా, నేనే" అంటే అయిపోవు. అనలే.

ఆయన చేతులు దులుపుకొని, "రంజన్ మంచిగ కడిగినవ్ బిడ్డా" అన్నడు. నేను ఇంటికి పోతుంటే, "ఇంకేమన్న చెప్పేదున్నదా?" అన్నడు. పాత అలవాటే గదా అని, "లేదు కాకా" అని వచ్చేసిన.

వారం తర్వాత చిన్నమ్మ ఎనుగు కాడికి పిలిచింది. కొంగుతోని కండ్లు తుడుచుకుంటుంది. "నాలుగొద్దుల నుంచి మిరపకాయల తాలింపేస్తున్ననే. పక్కనే కూసుంటున్నడు. ఒక్క మాట అంటలేడు."

కరోనా వచ్చినోళ్ళకు వాసన పోయి మళ్ళొచ్చింది. చానామందికి వచ్చింది. కాకకు రాలే. ఆయన ఎవ్వలకు చెప్పలే, మేం అడగలే. ఐతారాలు బందైనయ్. సర్వేయర్ సారు తెచ్చిన రెండు సీసాలు తెరవకుంటనే ఇసుకల పెట్టిండు. కాక మూలకు కూసుంటే ఇల్లు ఇల్లు లెక్క ఉండకపోయేది. నేను పొయ్యొచ్చినప్పుడల్ల గడప కాడ అదే మాట, "ఇంకేమన్న చెప్పేదున్నదా?" నేను అదే జవాబు.

ఇగ, టేపు మీది తారీఖు వచ్చింది. ఒక్క దినం ముందు కాదు, ఒక్క దినం తర్వాత కాదు, కాక మమ్మల్ని పిలిచిండు. "ఇటలాయనకు మాటిచ్చిన. తెరుద్దం." ఆ దినం గేటు కాడ తనిఖీ చెయ్యలే. నేను తలకు నూనె పెట్టుకోకుంటనే పోయిన, కాని ఆయన నా దిక్కు మూతి కూడ తిప్పలే. దానికే సగం చచ్చిన.

బిరడా మెల్లగ తీసిండు. అది పక్కలకు నల్లగ కారి ఉన్నది. మూడు గిలాసలల పోసిండు. సారు ముందుగాల వాసన చూసిండు. ఆయన కండ్లు నా దిక్కు తిరిగినయ్. నేను కూడ వాసన చూసిన. పులిసి పులిసి ఇరిగిపోయిన కల్లు కుండ, దాని మీద తుప్పు. తారు లేదు, గులాబి లేదు.

కాక గిలాస పట్టుకొని, మీద అరచెయ్యి మూసి, తీసి, వాసన చూసిండు. చానాసేపు చూసిండు. గిలాస కింద పెట్టి, మా ఇద్దరి దిక్కు చూసి, మొదటిసారి నోటితోని చెప్పిండు.

"బిడ్డా, నాకేం వస్తలేదు. ముక్కు పోయింది నాది. నువ్వు చూసి చెప్పు. ఏమొస్తుంది?"

దేవుడా! అంతకంటె నన్ను నాలుగు కొట్టినా బాగుండు. పదేండ్లు కాపాడిన సీసా. ముక్కు పోయిన మనిషి. రెండిట్ల ఒకటి నా చేతుల పోయింది. ఎట్ల చెప్పాలె?

"తారు, కాకా" అన్న. "తారు, గులాబి."

"నిన్నటిదా?"

"నిన్నటిదే."

"బ్రహ్మాండంగా ఉందండి" అన్నడు సారు, దగ్గు ఆపుకుంటూ.

కాక నా దిక్కు ఎంతసేపు చూసిండో. తర్వాత జేబుల నుంచి చాక్‌పీసు తీసి నా ముంగట పెట్టిండు. "అయితే సంతకం పెట్టు. చూసినోళ్ళే పెట్టాలె. సార్, మీరు కూడ."

బాయిల చూడకుంట సంతకం పెట్టిన పిలగాన్ని ఈయన కాలర్ పట్టి మళ్ళ లోపలికి తీస్కపోయిండని అందరికి ఎరుకే. నేను చూసి పెట్టిన, అబద్ధం పెట్టిన. అది ఇంకా అన్యాలం. అయినా పెట్టిన. సారు కూడ పెట్టిండు. కాక తన గిలాస ఎత్తి, గుటక గుటక, ఒక్క చుక్క లేకుంట తాగిండు. "గాలి మంచిగున్నది" అన్నడు. మేం కూడ తాగినం. కడుపుల మండింది.

తెల్లారి చిన్నమ్మ టిఫిన్ డబ్బా ఇచ్చిపోయింది, గోదావరి బొచ్చె చేపల పులుసు. సారు ఇంటికి కూడ ఒక డబ్బా పోయింది. మాపటికి కాక ఎనుగు మీద చేతులు పెట్టి అడిగిండు.

"పులుసెట్లున్నది?"

"మస్తున్నది కాకా. కొత్త చింతపండా? పులుపు గమ్మతుగున్నది."

కాక నవ్విండు. దవాఖాన నుంచి వచ్చినంక అట్ల నవ్వంగ చూడలే. దగ్గొచ్చేదాక, కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విండు. నాకు ఎందుకో అర్థం కాలే, కాని నవ్విండు గదా, అదే చాలనుకున్న. నా అబద్ధం వల్లనే మనిషి తేరుకున్నడని లోపల్లోపల సంబురపడ్డ. అప్పటి నుంచి ఇంకొంచెం మంచిగ తిరిగిండు. ఈ వానకాలం మొదట్ల, కుర్చీల కూసున్నట్టే పోయిండు.

కాక దినాలు చేసిన వారానికి చిన్నమ్మ పిలిచింది. "రంజన్ కింద ఇసుక మార్చాలె, ఒక చెయ్యి పట్టు." రంజన్ పక్కకు జరిపినం. ఇసుకల సారు తెచ్చిన రెండు సీసాలున్నయ్. వాటి పక్కన దస్తి చుట్టిన ఇంకో సీసా. ఇప్పి చూస్తే, ఖాళీ బరోలో. నల్లటేపు మీద తారీఖు, నా సంతకం, సారు సంతకం. నాకు సిగ్గైంది. జల్ది మళ్ళ చుట్టబోయిన.

"అడుగు చూడు" అన్నది చిన్నమ్మ.

బోర్లించిన. అడుగున ఇంకో టేపు ముక్క. దాని మీద ఇంటూ గుర్తు. కింద కాక సంతకం. అదే తారీఖు.

చిన్నమ్మ దిక్కు తిరిగిన. "ఎరుకనా ఆయనకు?"

"ముక్కు పోయిందిగని నాలుక యాడికి పోయిందే? తాగంగనే ఎరుక. తెల్లారి నన్ను చింతపండు ముట్టనియ్యలే. సీసాల మిగిలిందంత పులుసుల పోసిండు. 'సంతకం పెట్టినోళ్ళు తినాలె గదా' అన్నడు."

ఏడవాల్నా నవ్వాల్నా తెల్వలే. సర్వేయర్ సారుకు ఫోన్ చేసిన. అంత విన్నడాయన. తర్వాత, "ఆ పులుసు నేను రెండుసార్లు వేయించుకున్నానండి" అన్నడు.

ఫోన్ పెట్టేసి చిన్నమ్మను అడిగిన. అడగకుండ ఉండలేకపోయిన. "మరి రంజన్ సంగతి?"

"ఇసుక చేతుల పట్టిన దినమే ఎరుక. నేను తిట్టబోతే ఆపిండు. 'పిల్ల మంచిదే, ఎప్పుడన్న చెప్తది' అన్నడు. నువ్వొచ్చిన ప్రతిసారి చూసేటోడు. నువ్వు పోయినంక, 'ఇయ్యాల కూడ చెప్పలే' అనేటోడు."

గడప కాడ ఆయన అడిగిందంత యాదికొచ్చింది. ఇంకేమన్న చెప్పేదున్నదా. ఎన్నిసార్లు అడిగిండు! నేను అలవాటనుకున్న. ఆ మనిషి నా ముంగట తలుపు తెరిచి నిలబడ్డడు, నేను ఒక్క అడుగు ఎయ్యలే.

గోడకు కొట్టిన మొలకు ఆయన అంగి ఇంకా అట్లనే వేలాడుతున్నది. జేబుల చాక్‌పీసు ఉన్నది. తీసిన. టేపు మీద నా సంతకానికి తెల్లరంగు పుయ్యలే, తుడువలే. దాని మీద ఒక్కటే గీత గీసిన, కనపడేటట్టు. పక్కన చిన్నగ రాసిన.

చిన్నమ్మకు చదువు రాదు. "ఏం రాసినవే?"

చదివి వినిపిచ్చిన. "చెడిపోయింది. రంజన్ బోర్లించింది నేనే." కింద సంతకం, ఇయ్యాల్టి తారీఖు.

చిన్నమ్మ సీసా తీసుకొని దస్తి చుట్టి, గుంతల పండబెట్టి, ఇసుక కప్పింది. ఇద్దరం కలిసి రంజన్ ఎత్తి దాని మీద పెట్టినం. "నీళ్ళు పొయ్యి" అన్నది. బిందె తర్వాత బిందె తెచ్చి పోసిన. రంజన్ నిండింది, చెమర్చింది, కింద ఇసుక నల్లబడ్డది. అప్పటిదాక ఇద్దరం అక్కడనే కూసున్నం.

"చేపలు తెప్పిస్త, తినిపో" అన్నది చిన్నమ్మ లేస్తూ. నేను ఆమె మొఖం దిక్కు చూసిన.

"ఫికర్ చెయ్యకు. ఈసారి చింతపండే ఏస్త."